అడగాల్సినచోట అడగని ఒప్పుదల

సాగర్ కుడి కాలువ కింద, మాచర్ల, గురజాల, నరసరావుపేట పల్లెల్లో పత్తి, మిర్చి పండించే చేతుల్లో కౌలుదార్ల చేతులెన్నో. పంట రుణం కోసం బ్యాంకు గడప తొక్కితే మొదటి ప్రశ్న - "పొలం ఎవరిదయ్యా? ఆసామి కాగితం ఏది?"

2011 నాటి చట్టం కౌలురైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వమంది. దానికి భూయజమాని ఒప్పుదల అడగలేదు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం మాత్రం పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం ఉండాలని పెట్టింది. భూమి హక్కుకు ఢోకా లేదని ఆ చట్టమే రాసింది. అయినా కామందు కదలడు. "ఇయ్యాల సంతకం పెడితే రేపు పొలం నాదంటావు" అంటాడు.

కార్డు రాని కౌలుదారు పురుగుమందుల కొట్టుకో, మిర్చి కమీషన్ వ్యాపారి దగ్గరికో పోవాల్సిందే. అక్కడ ఆసామి ఒప్పుదల అక్కర్లేదు. ఖాళీ ప్రోనోటు మీద సంతకం చాలు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టం, 20వ సెక్షను చూడండి: స్టాంపు కాగితం మీద సంతకం చేసి ఖాళీగా ఇస్తే, దాన్ని నింపుకునే అధికారం పుచ్చుకున్నవాడికి ఇచ్చినట్లే! అంకె, వడ్డీ, తేదీ రాయకుండా వేలు ముద్దరలో ముంచవద్దు.

ఇక ఇంటి సంగతి. షావుకారు నోటు తెచ్చి, "అమ్మాయ్, నువ్వూ ఒక వేలిముద్ర వెయ్యి" అంటాడు. ఎందుకని ఆమె అడిగితే, "ఆడదానికెందుకు?" అని ఇంట్లోవాళ్లే కసురుతారు.

ఎందుకో చెప్పుకుందాం. పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఆమె పేర రాసిచ్చిన ఎకరం 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం పూర్తిగా ఆమెదే. ఆమె ఒప్పుకోనిదే భర్త తనఖా పెట్టలేడు. భర్త ఒక్కడే రాసిన నోటుకు భార్య సొంత ఆస్తి పూచీ కాదు. అతను చనిపోతే, అతను వదిలివెళ్లిన ఆస్తి మేరకే బాకీదారు అడగగలడు. ఆమె కూడా వేలిముద్ర వేసిందా, అప్పు ఆమెదీ అవుతుంది. షావుకారు తొందరంతా అందుకే.

బెదిరించి, మోసగించి తీసుకున్న ఒప్పుదలను రద్దు చేయించుకోవచ్చని 1872 కాంట్రాక్టు చట్టం అంటున్నది. కాని ఆ మోసాన్ని కోర్టులో రుజువు చేయాల్సింది మనమే. పొద్దంతా కూలికి పోయేవాళ్లు వాయిదాలకు ఎన్నాళ్లు తిరగగలరు? వేలిముద్ర పడకముందే జాగ్రత్త పడాలి.

చూడండి ఈ తిరకాసు! చెమటోడ్చేవాడి అప్పుకు కామందు ఒప్పుదల కావాలట. ఆడమనిషి ఆస్తికి ముప్పు తెచ్చే అప్పుకు ఆమె ఒప్పుదల మాత్రం వేలిముద్రతో సరి!

సాగు చేసేవాణ్ణి గ్రామసభే గుర్తించాలి, యజమాని సంతకం షరతు ఉండరాదు అని సంఘాలు గట్టిగా అడగాలి. ప్రతి ఊళ్లో చదువు వచ్చిన కార్యకర్త ఒకరు ప్రోనోటును పైకి చదివి వినిపించాలి, ముందుగా ఆ ఇంటి ఇల్లాలికి.