ఉబ్బిన డబ్బా తెరవొద్దు

సెలవుకు వెళ్లే ముందు మనం ఇంటికి కార్గో వేస్తాం. పెట్టె కట్టడం ఒక ఎత్తు, అది గుమ్మం చేరడం ఇంకో ఎత్తు. మన ఒంట్లోనూ ఇలాంటి కార్గో నడుస్తూనే ఉంటుంది. చెయ్యి కదలాలంటే నరం చివర ఉన్న బుల్లి సంచులు కండరానికి రసాయన కబురు అందించాలి. ఆ సంచిని నరకణం గోడకు కలిపి తెరిపించే ప్రొటీన్లలో ఒకటి స్నాప్‌-25. కణంలో ఈ రవాణా గుట్టు విప్పినందుకే రోత్‌మన్‌, షెక్‌మన్‌, సుడాఫ్‌లకు 2013లో నోబెల్‌ వచ్చింది.

సరిగా తయారుకాని డబ్బా ఆహారంలో బొటులినం అనే విషం పుట్టొచ్చు. అందులో 'ఏ' రకం ఈ స్నాప్‌-25నే కత్తిరిస్తుంది. ఇక సంచి తెరుచుకోదు, కబురు అందదు. రెప్పలు వాలిపోతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మాట తడబడుతుంది, మింగడం కష్టమవుతుంది. ముదిరితే ఊపిరికే ముప్పు.

డ్యూటీ దిగి రూముకొచ్చి, ఆకలి మీద డబ్బా అందుకునే మనం ఒక్క క్షణం ఆగి చూద్దాం. ఉబ్బినా, కారుతున్నా పారేద్దాం. రుచి చూసి తేల్చుకుందామంటే కుదరదు, ఈ విషానికి వాసనా రుచీ ఉండవు. పై లక్షణాలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. విరుగుడు మందు ఉంది, ఎంత త్వరగా పడితే అంత మేలు.