స్వల్ప వ్యయంతో వీడియో కెమెరా: కొనుగోలు, వినియోగం

ముషాయిరాను, వార్షికోత్సవాన్ని చిత్రించుటకు కళాశాలకు సొంత కెమెరా కావాలని విద్యార్థులు కోరడం, ఖర్చెంతని కార్యవర్గం పెద్దలు ప్రశ్నించడం కొత్త విషయం కాదు. చందానగర్‌లో ప్రతి చేతిలోనూ ఫోను ఉండగా వేరే కెమెరా ఎందుకన్న సందేహం కూడా సమంజసమైనదే. ఫోను విద్యార్థితోపాటు ఇంటికి పోతుంది, అందులోని చిత్రాలూ దానితోనే పోతాయి. పైగా హాలు చివరి వరుస నుండి వేదికను దగ్గరగా చూపగల కటకం సామాన్యమైన ఫోనులో ఉండదు.

హైడెఫినిషన్ అనగా మరేమీ లేదు, చిత్రంలోని చుక్కల సంఖ్య. పాత దూరదర్శన్ చిత్రంలో కంటికి కనబడే గీతలు 576. హైడెఫినిషన్‌లో నిలువున 720 గాని, 1080 గాని చుక్కలుంటాయి. ఒకప్పుడు ఇది స్టూడియోలకే పరిమితమైన వైభవం. 2006లో సోనీ, పానసోనిక్ సంస్థలు ఏవీసీహెచ్‌డీ అనే పద్ధతిని ప్రకటించిన పిమ్మట ఇంటి కెమెరాలకు కూడా అది విస్తరించింది. అమెరికాలో ఫ్లిప్ అనే జేబు కెమెరా విశేషంగా అమ్ముడుపోయింది. 2009లో సిస్కో సంస్థ దానిని కొన్నది, 2011లో మూసివేసింది. నోటికాడి ముద్దను ఫోను లాగుకొన్నదన్నమాట.

మియాపూర్‌లో మెట్రో ఎక్కి, రైలు మారకుండా ఉస్మానియా మెడికల్ కాలేజి స్టేషనులో దిగితే కోఠీ గుజరాతీ గల్లీ సమీపమే. అక్కడ కొన్నా, ఇంటికి తెప్పించుకొన్నా, పెట్టె మీది అంకెలను చూచి మోసపోరాదు. చౌక కెమెరాలు కొన్ని చిన్న సెన్సారుతో తక్కువ చుక్కలనే గ్రహించి, మధ్య చుక్కలను లెక్కకట్టి నింపి '4కె' అని చెప్పుకొంటాయి. అట్టిదానికంటే నిజమైన 1080 మేలు. పరీక్ష సులభం. ఒక ఉర్దూ దినపత్రికను పది అడుగుల దూరంలో నిలబెట్టి, జూమ్ చేసి చిత్రించి, పెద్ద తెర మీద చూడవలెను. నుక్తాలు విడివిడిగా కనబడితే కెమెరా మంచిది, అలుక్కుపోతే తిరిగి ఇచ్చివేయవచ్చును. జూమ్ కూడా ఆప్టికల్ అయి ఉండాలి. డిజిటల్ జూమ్ అంటే ఉన్న చిత్రాన్నే కత్తిరించి పెద్దది చేయడం.

ఇవన్నీ చూచి కొన్నాము. అయినను ఒక ముఖ్య విషయాన్ని విస్మరించాము.

మా విద్యార్థిని ఒకామె దాదీకి మాంఝే, మెహందీ వేడుకలలో స్త్రీలు పాడుకొనే ఢోలక్ గీతాలు అనేకం కంఠస్థం. అవి దక్కనీ భాషలోని పాటలు. పుస్తకాలకెక్కినవి కొన్ని, ఎక్కనివి ఎన్నో. ముఖం చిత్రించరాదనీ, ఢోలక్ మీది చేతులను మాత్రం చూపవచ్చుననీ షరతు పెట్టి ఆమె అంగీకరించింది. వేసవి మధ్యాహ్నం, నెత్తిమీద పంకా పూర్తి వేగంతో తిరుగుతున్నది. కిటికీ పక్కన కెమెరా పెట్టి, గంటన్నర చిత్రించి సంతోషంగా తిరిగి వచ్చాము. తెర మీద ఆ చేతుల ముడతలు సైతం స్పష్టంగా ఉన్నవి. వినబడినది మాత్రం పంకా హోరు, ముంబయి రహదారి మీది లారీలు, నడుమ ఒక ఎం.ఎం.టి.ఎస్. రైలు. మరల వెళ్దామనుకొంటుండగానే రంజాన్ మాసంలో ఆమె మరణించింది. మనుమరాలికి వచ్చినవి రెండు పాటలే. మిగిలినవాటికి చేతుల తాళం మాత్రమే మా వద్ద ఉన్నది. తప్పు పూర్తిగా మాదే.

కారణం భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. దూరం రెట్టింపైతే శబ్ద తీవ్రత నాలుగవ వంతుకు తగ్గుతుంది. పాడేవారు పన్నెండు అడుగుల దూరంలోను, కిటికీ అడుగు దూరంలోను ఉంటే కెమెరాలోని మైకు ఎవరి మాట వింటుంది? కనుక మైకు రంధ్రం లేని కెమెరాను ఎంత చౌకైనా కొనరాదు. దుస్తులకు తగిలించుకొనే చిన్న మైకు వెయ్యి రూపాయలలోపే దొరుకుతుంది. ఆ తీగ మొన మీద నల్లని వలయాలు రెండుంటే సాధారణంగా కెమెరాకు, మూడుంటే ఫోనుకు. ఇది తెలియక మొదట తప్పుడు మైకు కొన్నవారిలో మేమూ ఉన్నాము. కెమెరాకు హెడ్‌ఫోను పెట్టుకొని వినే సౌకర్యముంటే మరీ మంచిది. లేకున్న పక్షంలో ఒక నిమిషం చిత్రించి, విని, అటుపిమ్మట మొదలుపెట్టాలి. పంకా ఆపించడానికి మొహమాటపడరాదు.

దీపాల సంగతి కొంత. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది. కెమెరాలో 60 అని ఉంటే ట్యూబులైట్ల కింద చిత్రం మీద చారలు పాకుతాయి. మెనూలో 50కి మార్చితే చాలు. సెకనుకు 17 మెగాబిట్ల చొప్పున గంటకు సుమారు 7.7 జీబీ పడుతుంది, 32 జీబీ కార్డు నాలుగు గంటలకు వస్తుంది. ఏవీసీహెచ్‌డీ కెమెరా దీర్ఘమైన చిత్రాన్ని ముక్కలుగా దాస్తుంది. ఒక్కొక్క ముక్కను కాక ఫోల్డరును మొత్తంగా, అదే రోజున, రెండు చోట్ల నకలు చేయవలెను.

కార్యవర్గం వారికి మా మనవి ఒకటి. మంజూరయ్యే మొత్తంలో మైకు, స్టాండు, రెండు కార్డులు ముందుగా లెక్కించి, మిగిలినదానితో కెమెరా కొననీయండి. లింగంపల్లిలో ఢోలక్ గీతాలు తెలిసిన మరొక వృద్ధురాలు ఉన్నదని ఆ విద్యార్థిని చెబుతున్నది. పరీక్షలకు ముందే వెళ్లవలసి ఉన్నది.