వ్యాధికాలంలో రంజాన్: ఇంటిలోని ఆరాధన

విశాఖపట్టణం మీదుగా ఖరగ్‌పూర్ దాటి హౌరాకు పోయే రైలు, గమ్యం చేరబోయే ముందు దాటే చివరి స్టేషను టికియాపారా. కోల్‌కతా మహానగర ప్రాంతంలో, హుగ్లీ నదికి పడమటి వైపున, హౌరా నగరంలో ఉన్న శ్రామికుల పేట ఇది. ఇరుకైన సందులు, పలువురు కలిసి తలదాచుకొనే ఒంటిగది ఇళ్లు, రెక్కాడితే గాని డొక్కాడని బ్రతుకులు. ఇక్కడి నివాసులలో ముస్లిములు అధికసంఖ్యాకులు. వారు నిత్యం నడిచే బెలిలియస్ రోడ్డుకు ఆ పేరు వచ్చినది ఒక యూదు కుటుంబం వలన.

కరోనా వ్యాధి కారణంగా 2020 మార్చి 25 నుండి దేశమంతటా రాకపోకలు స్తంభించాయి. సరిగ్గా నెల గడచిన పిమ్మట, ఏప్రిల్ 25న, మన దేశంలో రంజాన్ ఉపవాసాలు ఆరంభమయ్యాయి. నాల్గవ నాడు, ఏప్రిల్ 28న, బెలిలియస్ రోడ్డులో గుమిగూడిన జనాన్ని చెదరగొట్టబోయిన పోలీసులపై దాడి జరిగి, కొందరు గాయపడ్డారు. అది విచారకరమైన సంఘటన. దానిని ఒక మతానికి అంటగట్టడం మాత్రం న్యాయం కాదు. ఇంట ఉండుమని ఆదేశించడం తేలిక. ఒకే గదిలో ఏడెనిమిదిమంది మసలే ఇంటివానికి ఆ ఆదేశం ఎంత బరువో గ్రహించడం కష్టం. అట్టివానికి మసీదు ప్రార్థనాస్థలమే కాదు, రోజంతటి శ్రమ తరువాత నలుగురితో కలిసి ఊపిరి పీల్చుకొనే చోటు. దానిని కొంతకాలం విడువుమని కోరేటప్పుడు, అందుకు కారణం అతని ధర్మంలోనే కలదని తెలియజెప్పడం అవసరం.

అట్టి కారణం ఇస్లాం ధర్మంలో నిజంగానే కలదు. ఉపవాసాన్ని విధించిన ఖురాన్ రెండవ అధ్యాయమే, రోగులకు, ప్రయాణికులకు మినహాయింపు కూడ ఇచ్చింది. వారు విడిచిన దినాలను తరువాత పూర్తి చేసుకొనవచ్చును. వార్ధక్యం వలన గాని, నయంకాని రోగం వలన గాని ఎన్నటికీ ఉపవసింపజాలనివారు, విడిచిన ఒక్కొక్క దినానికి ఒక్కొక్క పేదకు అన్నం పెట్టాలి. దీనికే ఫిద్యా అని పేరు. దైవం ప్రజలకు సౌలభ్యాన్నే కోరుతాడు గాని కష్టాన్ని కాదని అదే సందర్భంలో చెప్పబడింది. కనుక జ్వరపీడితుడు ఉపవాసం మానడం ధర్మాన్ని మీరడం కాదు, ధర్మం చూపిన దారిన నడవడమే.

అంటువ్యాధి విషయంలో ప్రవక్త బోధ మరింత స్పష్టం. తెగులు సోకిన ప్రాంతానికి పోరాదు, తామున్న చోట తెగులు ప్రబలితే అక్కడినుండి పారిపోరాదు అని ఆయన ఉపదేశం. క్రీస్తుశకం 639 ప్రాంతంలో సిరియా దేశంలో అమవాస్ మహామారి చెలరేగినప్పుడు, అటు బయలుదేరిన ఖలీఫా ఉమర్ ప్రముఖులతో ఆలోచించి, దారి మధ్యనుండి వెనుకకు మరలారు. ఇది విధినుండి పలాయనం కాదా అన్న ప్రశ్నకు, ఒక దైవనిర్ణయం నుండి మరొక దైవనిర్ణయం వైపే పోతున్నామని ఆయన సమాధానమిచ్చినట్లు చరిత్ర చెబుతున్నది. జాగ్రత్త వహించడం విశ్వాసానికి విరుద్ధం కాదని దీని సారాంశం.

ఇక ఆరాధన సంగతి. రంజాన్ రాత్రులలో చేసే తరావీహ్ నమాజును ప్రవక్త కొన్ని రాత్రులు మసీదులో అందరితో జరిపి, అది విధిగా మారునేమోనన్న శంకతో తరువాత ఇంటనే చేశారు. ఒకే ఇమాము వెనుక సామూహికంగా జరిపే ఏర్పాటు ఉమర్ కాలంలో స్థిరపడింది. భారీవర్షం కురిసినప్పుడు ఎవరి ఇళ్లలో వారు నమాజు చేసుకొనుడని అజాన్‌తోనే ప్రకటించే ఆచారం కూడ తొలినాళ్లలో ఉండేది. కనుక 2020లో కుటుంబసభ్యులు ఇంటనే చాప పరచుకొని తరావీహ్ చేయడం, శుక్రవారం జుమా నమాజుకు బదులు జుహర్ నమాజు చేసుకోవడం నూతన కల్పన కాదు. కడపటి పదిదినాలు మసీదులో ఏకాంతంగా గడిపే ఏతెకాఫ్‌ను పేటకు ఒకరిద్దరు పాటించినా, తక్కినవారిపై ఆ బాధ్యత ఉండదని హనఫీ ధర్మశాస్త్రం చెబుతున్నది. స్త్రీలు దానిని ఇంటనే ఆచరింపవచ్చును.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020 ఏప్రిల్ 15న వెలువరించిన సూచనలు కూడ ఈ ధోరణికి అనుగుణంగానే ఉన్నాయి. ఆరోగ్యవంతులు ఉపవసింపవచ్చునని, వ్యాధిగ్రస్తులు వైద్యుని సంప్రదించి మతం ఇచ్చిన మినహాయింపును వినియోగించుకొనవచ్చునని, సామూహిక ఇఫ్తార్ విందులకు బదులు విడివిడి పొట్లాలు పంచుట మేలని ఆ సంస్థ తెలిపింది. ఆ ఏడు మక్కా మహామసీదులోనే సామాన్యజనానికి ప్రవేశం లేకుండా, తరావీహ్‌ను పది రకాతులకు కుదించి జరిపారు. హైదరాబాదు మక్కా మసీదు ప్రాంగణం కూడ ఆ నెలలో జనసమూహం లేక బోసిపోయింది.

సామూహిక ప్రార్థన ఆగినా ఆగరానిది దానం. సంపన్నుడు తన నిలువధనంలో నలభయ్యవ వంతు ఇవ్వవలసిన జకాత్, పండుగ నమాజుకు ముందే పేదకు చేరవలసిన ఫిత్రా, ఇవి గుంపు అక్కరలేని విధులు. కూలి నిలిచిపోయిన పేటలో ఉపవాసికి, పస్తున్నవానికి మధ్య గల అంతరం బహుస్వల్పం. సాయంకాలం ఖర్జూరంతో ఉపవాసం విరమించేవాడు, ప్రక్క ఇంట పొయ్యి రాజినదా అని విచారించుటే ఆకలి నేర్పే పాఠం.

ఇట్టి సంయమనం ఆ ఏడు ఏ ఒక్క మతానికో పరిమితం కాలేదు. ఏప్రిల్ 2న భద్రాచలంలో సీతారామ కల్యాణం భక్తజనం లేకుండానే జరిగింది. ఈస్టరు ఆరాధనలను క్రైస్తవులు ఇళ్లలోనే జరుపుకొన్నారు. మే 25న రంజాన్ పండుగ కూడ ఇళ్లలోనే గడిచింది, ఆలింగనాలు లేకుండా. ఆ గడ్డుకాలం గడచి నేడు మసీదులు మరల నిండుతున్నాయి. అయినను, పొరుగువాని ప్రాణాన్ని కాపాడుటకై తన పండుగను తన గడపలోపలనే జరుపుకొన్న సామాన్యుని త్యాగం మరువరానిది. విశాలమైన లోగిలి గలవానికి అది కొద్దిపాటి ఇబ్బంది. టికియాపారా వంటి పేటలోని ఒంటిగది కాపురానికి అది నిజమైన తపస్సు.