సైకిలుపై కాకతీయసీమకు

హైదరాబాదు నుండి హనుమకొండకు మోటారులో పోవువారికి భువనగిరి దుర్గము ఒక్క నిమిషము కనిపించి మాయమగును. సైకిలు త్రొక్కువారి కట్లుకాదు. ఆ బోడిగుండు చాలసేపు ఎదుటనే పెరుగుచుండును. చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని పేర వెలసిన కోట అచ్చటనే ఏల వెలసెనో ఒకరు చెప్పనక్కరలేదు.

మార్గము సుమారు 145 కిలోమీటర్లు. గంటకు 15 చొప్పున పది గంటల పని. ఒక్క దినమున ముగింపవచ్చును గాని, మేమా పంతమును మెచ్చము. అలసిన కన్ను శిల్పమును చూడజాలదు. ఆలేరు వద్ద దారి మళ్ళి కొలనుపాక జైనాలయమును చూచి, ఆ ప్రాంతముననే రాత్రి గడుపుట మేలు. మరునాడు హనుమకొండలో, 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభముల గుడికి ఒక పూట మిగులును.

అటనుండి పాలంపేటకు దాదాపు 70 కిలోమీటర్లు. అచ్చటి రామప్ప గుడిని రేచర్ల రుద్రుడు 1213లో నెలకొల్పెను. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. శిఖరపు ఇటుకలు నీటిపై తేలునంత తేలికవి. చూడబోవువారందరును ముందుగా అడుగునది వానిని గూర్చియే. మాకు మాత్రము గుడి చేరువనున్న చెరువే ఎక్కువ వింత. కట్టపైకి ఎక్కునపుడు పెడలు బరువెక్కును. ఎంత మన్ను మోసి పోసిరో అప్పుడు కాళ్ళకు తెలియును. ఆ నీరు నేటికిని పొలములకు పారుచున్నది. ప్రొద్దు వాలకముందే అచ్చటికి చేరవలెను.