కోరంగి వెళ్లేముందు పోటూ పాటూ చూసుకోండి

యానాం నుంచి కాకినాడ బస్సెక్కితే తాళ్లరేవు, కోరంగి దాటాక చొల్లంగి వస్తుంది. పెద్దవాళ్లకు ఆ ఊరి పేరు చెప్పగానే పుష్యమాసపు అమావాస్య స్నానాలు గుర్తొస్తాయి. చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లు మాత్రం ఇప్పుడు అక్కడి మడ అడవి కోసం దిగుతున్నారు. 1978లో కోరంగి అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. యానాం పుదుచ్చేరిది, కోరంగి ఆంధ్రది. గోదావరి తెచ్చిన ఒండ్రుకు మాత్రం ఆ సరిహద్దు పట్టదు.

వెళ్లొచ్చినవాళ్లలో కొందరు, "ఏముందండీ, చెట్లూ నీళ్లూ" అని పెదవి విరుస్తారు. తప్పు అడవిది కాదు, వెళ్లిన వేళది. సముద్రం ఎగదన్నినప్పుడు నీరు కాలవల్లోకి ఎక్కి బురదనంతా కప్పేస్తుంది. అది పోటు. సుమారు ఆరు గంటల తర్వాత నీరు తీస్తుంది. అది పాటు. మన తీరంలో రోజుకు రెండుసార్లు ఇలా జరుగుతుంది. చంద్రుడు రోజూ ఆలస్యంగా ఉదయిస్తాడు కాబట్టి ఈ వేళలూ రోజుకు దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతాయి. ఈరోజు ఎనిమిదింటికి పాటు ఉంటే రేపు తొమ్మిదికి కాస్త ముందు ఉంటుందన్నమాట. అమావాస్యకీ పున్నమికీ నీరు బాగా ఎక్కి, బాగా దిగుతుంది. వేటకెళ్లేవాళ్లు తిథి చూసి చెప్పేస్తారు. మనం ఫోన్‌లో కాకినాడ వేళలు చూసుకోవచ్చు. కాకపోతే సముద్రంలో నీరు తీసిన కొంతసేపటికిగానీ లోపలి కాలవల్లో తియ్యదు.

నీరు తీసినప్పుడు అడవిలో వేసిన చెక్కబాట మీద నిలబడి కిందికి చూడాలి. మూడడుగుల పిల్లలకు ఇది మనకంటే సులువు. బురదలోంచి సన్నటి పుల్లలు వేలకొద్దీ నిటారుగా పొడుచుకొచ్చి ఉంటాయి. అవి మడచెట్ల వేర్లే. ఒండ్రు బురదలో గాలి ఆడదు, అందుకే వేర్లు పైకొచ్చి సన్నటి రంధ్రాల గుండా గాలి పీల్చుకుంటాయి. "చెట్టు ముక్కు ఎక్కడుంది?" అని అడిగి చూడండి, పిల్లలు వెతుకుతారు. ఆ వేర్ల మధ్యే ఒక డెక్క మాత్రం ఒంటికి మించి పెద్దదైన పీతలు కనిపిస్తాయి. అవి మగవి. ఆ డెక్క ఊపడం ఆడపీతను పిలవడానికీ, పక్కవాణ్ణి బెదిరించడానికీ. బురదమీద గెంతే చేపలు కూడా ఉంటాయి. మొప్పల దగ్గర కాస్త నీరు దాచుకుని, తడి చర్మంతో గాలి పీల్చుకుంటూ ఒడ్డున తిరుగుతాయి. ఒళ్లు ఆరిపోకుండా మధ్యమధ్య దొర్లుతుంటాయి.

పొన్నచెట్ల కొమ్మలకు ములక్కాడల్లాంటివి వేలాడుతుంటే పైకి చూపించండి. అవి మొక్కలు. గింజ చెట్టుమీదే మొలకెత్తి, పొడుగెదిగాక రాలుతుంది. ఉప్పునీళ్లలో గింజ మొలవడం కష్టం కదా, తల్లిచెట్టే ఆ పని ముగించి పంపుతుంది.

ఆకులు తుంపనివ్వకండి. ఇది ఊరికే మర్యాద కోసం కాదు. ఇక్కడి తిల్లచెట్టు పాలు ఒంటికి తగిలితే మంట, కంట్లో పడితే పెద్ద ప్రమాదం. ఏది తిల్లో ఏది మడో మనకే తెలియనప్పుడు పిల్లలకేం తెలుస్తుంది! దోమలుంటాయి, నిండు చేతుల చొక్కాలు వెయ్యండి. బురదలోకి మాత్రం ఎవరూ దిగొద్దు.

ఇంకో సంగతి ముందే చెప్పేయడం మంచిది. చేపలు పట్టే బావురుపిల్లి ఈ అడవికి పేరు తెచ్చిన జంతువే, కానీ ఎక్కువగా రాత్రిళ్లు తిరుగుతుంది. పగటి షికారులో కనిపిస్తుందని ఆశ పెడితే ఏడుపులు మనమే సర్దాలి.

కాస్త పెద్దపిల్లలుంటే కోరంగి కథ చెప్పొచ్చు. ఓడలు కట్టిన రేవు అది. అక్కణ్ణుంచి బర్మా వెళ్లిన తెలుగువాళ్లను రంగూన్‌లో కోరంగీలనే పిలిచేవారు. 1839 తుపానులో ఆ రేవు తుడిచిపెట్టుకుపోయింది. మడచెట్ల అల్లిక అల జోరు తగ్గిస్తుందనే మాట ఆ కథ తర్వాత చెబితే వాళ్లకు బాగా అర్థమవుతుంది.

పడవ సంగతి వేరు. కాలవల్లో పడవ నడవడానికి నీరు నిండుగా ఉండాలి, పీతలు కనబడడానికి నీరు తియ్యాలి. రెండూ ఒకే గంటలో కుదరవు. ఐదేళ్లలోపు పిల్లలుంటే నేనైతే పడవ వదిలేసి బురదకే ఓటేస్తాను. ఆ వయసువాళ్లకు పడవలో అరగంట కదలకుండా కూర్చోవడం శిక్ష, చెక్కబాట మీద బోర్లా పడుకుని పీత ఎప్పుడు బయటికొస్తుందా అని చూడడం ఆట.