బళ్లారి జీన్సు, రెండో వేసవి

పిల్లల కథకూ పెద్దల నవలకూ నడుమ, సుమారు పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు పాఠకుల కోసం రాసే నవలను పాశ్చాత్య ప్రచురణ రంగంలో ‘యంగ్ అడల్ట్’ నవల అంటారు. తెలుగులో దానిని కౌమార నవల అనవచ్చు. 1967లో ఎస్.ఇ. హింటన్ ‘ది అవుట్‌సైడర్స్’ వెలువరించిన తర్వాత అమెరికాలో ఈ శాఖ నిలదొక్కుకుంది. ఆడపిల్లల వేసవి స్నేహాన్ని వస్తువుగా తీసుకున్న నవలల్లో బాగా పేరు తెచ్చుకున్నది ఆన్ బ్రాషేర్స్ 2001లో ప్రచురించిన ‘ది సిస్టర్‌హుడ్ ఆఫ్ ది ట్రావెలింగ్ ప్యాంట్స్’. నలుగురు స్నేహితురాళ్లు, పాతబట్టల దుకాణంలో కొన్న ఒక జీన్సు ప్యాంటు, ఒడ్డూ పొడుగూ వేరైనా ఆ నలుగురికీ అది అతికినట్టు సరిపోవడం, సెలవుల్లో తలొక చోటికి వెళ్తూ దానిని వంతులవారీగా పంపుకోవడం: కథ ఇంతే. దీనికి కొనసాగింపుగా 2003లో వచ్చిన ‘ది సెకండ్ సమ్మర్ ఆఫ్ ది సిస్టర్‌హుడ్’ మాత్రం అంత తేలికైన పుస్తకం కాదు.

కొనసాగింపు నవలలు చాలావరకు మొదటి పుస్తకపు విజయాన్ని మళ్లీ అమ్ముకునే ప్రయత్నాలే. బ్రాషేర్స్ కూడా ఈ వరుసను 2011 దాకా సాగదీసింది. కానీ రెండో నవలలో ఆమె ఒక మంచి పని చేసింది. పిల్లల స్నేహం నుంచి దృష్టిని తల్లుల వైపు మళ్లించింది. నలుగురు స్నేహితురాళ్లలో కార్మెన్ తన తల్లి మళ్లీ ప్రేమలో పడడాన్ని సహించలేకపోతుంది. సినిమా శిక్షణకు వెళ్లిన టిబ్బీ సొంత తల్లిని ఎగతాళి చేస్తూ చిత్రం తీసి, అది అందరి ముందూ ప్రదర్శించాక సిగ్గుపడుతుంది. లీనాకు తన తల్లి పెళ్లికి ముందు మరొకరిని ప్రేమించిందన్న సంగతి తెలుస్తుంది. తల్లిని పోగొట్టుకున్న బ్రిడ్జెట్ మారుపేరుతో అలబామాలోని అమ్మమ్మ దగ్గరికి చేరుతుంది. ఈ నలుగురు తల్లులూ కడుపుతో ఉన్న రోజుల్లో స్నేహితురాళ్లే, ఆ తర్వాత దూరమైనవాళ్లే. తల్లుల స్నేహం ఎందుకు నిలవలేదన్న ప్రశ్నే ఈ పుస్తకానికి అసలు బలం.

ఆ ప్రశ్నను కర్ణాటకలోని బళ్లారిలో నిలబెట్టి చూడవలసిన కారణాలు ఉన్నాయి. మొదటిది కథలోని వస్తువే. దక్షిణాదిలో జీన్సు కుట్టుపనికి పేరుపడ్డ ఊళ్లలో బళ్లారి ఒకటి. కౌల్ బజార్ వంటి పేటల్లోని చిన్న యూనిట్లలో బట్ట కత్తిరించడం, కుట్టడం, గుండీలు వేయడం ఎవరి పని వారిదిగా సాగుతుంది. మిగిలిన దారపు కొసలు కత్తిరించే పని పీసు రేటుకు ఇళ్లలోని ఆడవాళ్ల చేతికి వస్తుంది. జీన్సు బట్టలో పడుగు దారానికి నీలిరంగు ఉంటుంది, పేక తెల్లగా ఉంటుంది. కుట్టిన ప్యాంటును ఉతుకుడు యూనిట్లలో రసాయనాలతో ఉతికి ఆ నీలాన్ని కొంత కరిగిస్తే తప్ప అది అంగడికి వెళ్లదు. బ్రాషేర్స్ నవలలో అమ్మాయిలు పెట్టుకున్న నియమాల్లో మొదటిది ఆ ప్యాంటును ఉతకకూడదనే కావడం బళ్లారి పాఠకురాలికి నవ్వు తెప్పిస్తుంది.

రెండో కారణం వేసవే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు నాటి బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్లారితో సహా తక్కిన తాలూకాలు మైసూరులో కలిశాయి. బంధుత్వాలు మాత్రం పాత జిల్లా హద్దుల్లోనే ఉండిపోయాయి. సాధారణంగా కర్ణాటక బడులకు ఏప్రిల్ రెండో వారంలో సెలవులు మొదలై మే చివరికి ముగుస్తాయి. ఆంధ్రలో ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ రెండో వారం దాకా ఉంటాయి. అందువల్ల బళ్లారి అమ్మాయి, ఆదోనిలోనో రాయదుర్గంలోనో ఉన్న చిన్నమ్మ కూతురు కలిసి గడపగలిగే కాలం అయిదు వారాలకు మించదు. ఒకరు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడతారు. ఇంకొకరికి రెండు చోట్లా తెలుగే. పదో తరగతి దాటాక ఒకరిది పీయూసీ, మరొకరిది ఇంటర్. నవలా రచయితకు ఇంతకంటే మంచి సరంజామా దొరకడం కష్టం.

అయితే ఇక్కడ రెండో వేసవి వస్తుందన్న భరోసా అందరికీ లేదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు కర్ణాటకలో 21.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టానికి చేసిన సవరణతో కర్ణాటక ఇలాంటి పెళ్లిళ్లను మొదటి నుంచే చెల్లనివిగా ప్రకటించింది. చట్టం ఉన్నా పెళ్లిళ్లు పూర్తిగా ఆగలేదు. ఈ లెక్కన బళ్లారికి అమెరికా నవల కంటే ఇటలీ రచయిత్రి ఎలెనా ఫెరాంటే నేపుల్స్ నవలలు దగ్గరివి. 2011లో వచ్చిన తొలి భాగం పదహారేళ్ల లీలా పెళ్లితో ముగుస్తుంది, మరుసటి ఏడు వచ్చిన రెండో భాగం ఆ పెళ్లి తర్వాత ఇద్దరు స్నేహితురాళ్ల మధ్య మిగిలినదేమిటో చెబుతుంది. ఇస్కియా దీవిలో గడిచే వేసవి అందులో పెద్ద ఘట్టం. అది పెద్దల కోసం రాసిన నవల అన్నది నిజమే. కానీ పదహారేళ్లకు పెళ్లి జరగగల చోట పదహారేళ్ల వాళ్లు చదవకూడని పుస్తకం ఏదో తేల్చడం అంత సులువు కాదు.

తెలుగులో స్త్రీల స్నేహాన్ని పట్టించుకున్న రచనలు లేకపోలేదు. ఓల్గా ‘సహజ’ నవలలో స్నేహితురాళ్ల జీవితాలను పక్కపక్కన పెట్టి చూపింది. 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘విముక్త’ కథల్లో సీతకూ శూర్పణఖకూ నడుమ స్నేహాన్ని ఊహించింది. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ తరతరాల పిల్లలను చదివించింది. లోటు నడుమ ఉంది: పద్నాలుగేళ్ల పిల్ల తనదిగా భావించి చదువుకోగల తెలుగు నవలలు బహు అరుదు, వాటికి రెండో భాగాలు ఇంకా అరుదు. బళ్లారి విషయంలో ఇది మరీ వింత. ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరసవినోదిని సభ, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ అనే నాటక సమాజాలు ఈ ఊళ్లోనే పుట్టాయి. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టిన నటుడు బళ్లారి రాఘవ ఇక్కడివాడే. నాటకానికి అంత చేసిన ఊరు ఆడపిల్లల నవలకు చేసింది ఏమీ లేదనే చెప్పాలి.

తెలుగు ప్రచురణకర్తలు ఇలాంటి నవలను అనువాదాల్లో వెతకనవసరం లేదు. బళ్లారి, ఆదోని, రాయదుర్గం బడుల్లో చదివే అమ్మాయిల చేత వాళ్లు మాట్లాడే కన్నడం కలిసిన తెలుగులోనే రాయించి, ఆ భాషను దిద్దకుండా అచ్చు వేయాలి. మొదటి పుస్తకం అమ్ముడుపోయినా పోకపోయినా రెండో దానికి ముందే ఒప్పుకోవాలి.