వైద్యపరికరాల మరమ్మతు వృత్తి: పనివిధానం, పదజాలం

వ్యాససంగ్రహం:
ఆసుపత్రులలో వైద్యపరికరాలను బాగుచేసే ఎలక్ట్రీషియన్ పనివిధానాన్ని, ఆ వృత్తిలోని కొన్ని మాటల అర్థాలను ఈ వ్యాసం వివరిస్తుంది. యంత్రం 'నడవడం' వేరు, 'బాగుపడటం' వేరు అన్న భేదమే ఈ వృత్తికి మూలమని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: వైద్యపరికరాలు, ఎర్త్, లీకేజీ కరెంటు, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో వృత్తిపదాల సేకరణకు శాస్త్రీయమైన పునాది వేసినవారు ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి. వారి మాండలిక వృత్తిపదకోశాలలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. నాగలికీ మగ్గానికీ ఉన్నట్లుగా వైద్యపరికరాల భాగాలకు తెలుగు పేర్లు లేవు. ఫ్యూజు, బోర్డు, సెన్సర్ వంటి నామవాచకాలన్నీ ఆంగ్లం నుంచి వచ్చినవే. కానీ వాటి స్థితిని చెప్పే క్రియలు మాత్రం తెలుగువే: ఫ్యూజు 'పోయింది', షాక్ 'కొడుతోంది', మిషన్ 'నడుస్తోంది'. పనివాని నిర్ణయం ఈ క్రియలలోనే ఉంటుంది.

2. ఇంటిపనికీ ఆసుపత్రిపనికీ భేదం:
ఇంట్లో ఫ్యాను తిరిగితే మరమ్మతు ముగిసినట్లే. ఆసుపత్రిలో రోగి శరీరం ఎలక్ట్రోడ్లతో, గొట్టాలతో యంత్రానికి కలిసి ఉంటుంది. పొడిచర్మం విద్యుత్తును కొంతవరకు అడ్డుకుంటుంది. జెల్ రాసినచోట ఆ రక్షణ తగ్గుతుంది. గుండెదాకా క్యాథెటర్ వెళ్లినప్పుడు దాదాపు ఉండదు. స్పృహలేని రోగి చేయి వెనక్కు లాక్కోలేడు.

చేతితో తాకినప్పుడు మనకు తెలిసే కరెంటు సుమారు ఒక మిల్లీ ఆంపియర్. నేరుగా గుండెను తాకే భాగాల నుంచి రోగిలోకి ప్రవహించే లీకేజీ కరెంటు, యంత్రం ఏ లోపమూ లేకుండా పనిచేస్తున్నప్పుడు, 10 మైక్రో ఆంపియర్లు మించరాదని ఐఈసీ 60601 అంతర్జాతీయ ప్రమాణం నిర్దేశిస్తుంది. అంటే చేతికి తెలిసేదానిలో నూరోవంతు. అందువల్ల తాకిచూసి "షాక్ కొట్టడం లేదు" అని చెప్పే పరీక్ష ఇక్కడ చెల్లదు. మీటరుతో కొలవవలసిందే.

3. పనిక్రమం:
మొదట ప్లగ్గును, వైరును చూడాలి. ఎర్త్ పిన్ను విరిగినా యంత్రం ఎప్పటిలాగే పనిచేస్తుంది కనుక ఆ లోపం ఎవరి దృష్టికీ రాదు. అందుకే లోహపు పైతొడుగు నుంచి ప్లగ్గులోని ఎర్త్ పిన్నుదాకా నిరోధాన్ని కొలుస్తారు. మరమ్మతు తరువాతి పరీక్షలకు వర్తించే ఐఈసీ 62353 ప్రకారం వైరుతో కలిపి అది 0.3 ఓమ్ మించకూడదు. ఆపై లీకేజీ కరెంటును కొలుస్తారు.

చివరిది పనితీరు పరీక్ష. ఇన్‌ఫ్యూజన్ పంపు తెరపై గంటకు 50 మిల్లీలీటర్లని చూపుతుంటే, నిజంగా అంతే వస్తోందా అని కొలిచి చూడాలి. గొట్టం మూసుకుపోయినప్పుడు అలారం మోగుతోందో లేదో పరిశీలించాలి. డీఫిబ్రిలేటర్ విషయంలో ప్రమాదం పనివానికే: ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. దానిని ఖాళీ చేశామని నిర్ధారించుకోకుండా లోపల చేయి పెట్టరాదు. ఫ్యూజును తప్పించి వైరు కలపడాన్ని పనివారు 'డైరెక్ట్ చేయడం' అంటారు. యంత్రం అప్పటికి నడుస్తుంది. రక్షణ మాత్రం పోతుంది.

4. 'ఎర్త్' – అర్థవైరుధ్యం:
ఈ పదజాలంలో విశేషంగా గమనింపదగినది 'ఎర్త్'. సాంకేతికంగా అది రక్షణమార్గం. వ్యవహారంలో "ఫ్రిజ్‌కు ఎర్త్ వస్తోంది" అంటే షాక్ తగులుతోందని అర్థం. ఒకరి పదవికి 'ఎర్త్ పెట్టడం' అనే వాడుకలోనూ హానే ధ్వనిస్తుంది. రక్షణకూ ప్రమాదానికీ ఒకే పేరు స్థిరపడిందన్నమాట. నర్సు "మిషన్‌కు ఎర్త్ వస్తోంది" అని చెబితే, ఎర్త్ తెగి ఉండవచ్చునని పనివాడు గ్రహించాలి. మాటను ఉన్నదున్నట్లు రాసుకుంటే లోపం తలకిందులుగా నమోదవుతుంది.

'లీకేజీ' కూడా ఇటువంటిదే. వాడుకలో అది లోపానికి గుర్తు. పరికరశాస్త్రంలో మంచి యంత్రానికీ కొంత లీకేజీ ఉంటుంది. ఎంత అన్నదే ప్రశ్న.

5. ముగింపు:
జాతీయ ఆరోగ్యమిషన్ 2015లో వైద్యపరికరాల నిర్వహణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. వైద్యపరికరాల నియమాలు 2017లో వచ్చాయి. వ్యవస్థ ఏర్పడుతున్న ఈ దశలో శిక్షణభాషపై కూడా దృష్టి పెట్టాలి. మరమ్మతు నమోదులో 'బాగైంది' అనే ఒక్క మాటకు బదులు 'నడుస్తోంది', 'సరిగా కొలుస్తోంది', 'రోగికి సురక్షితం' అనే మూడు వాక్యాలు విడివిడిగా ఉండాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మొదటిది కంటికి తెలుస్తుంది. మిగిలిన రెండూ కొలిస్తేనే తెలుస్తాయి. ఎర్త్, లీకేజీ వంటి మాటల వాడుకను ఆసుపత్రుల నుంచే సేకరించి, అర్థనిర్ణయం చేయడం తెలుగు పరిశోధకులు చేపట్టదగిన పని.